మూడో వీధి ప్రతికూలం

మా ముంతలవలసలో చివరిసారి దొంగతనం జరిగినప్పుడు పోయింది ఒక ఇత్తడి బిందె. అది కూడా వారం తిరక్కుండా పెరట్లోకి తిరిగొచ్చింది. అడుగున చిల్లు ఉందని పాపం దొంగకు ముందు తెలియదు.

అలాంటి ఊళ్లో గుమ్మం గుమ్మానికీ కెమెరా ఎందుకంటే, సర్పంచి తవిటినాయుడుగారి అల్లుడు విశాఖపట్నం నుంచి ఒకటి తెచ్చి మామగారి గుమ్మానికి బిగించాడు కాబట్టి. సర్పంచికి ఉన్నది మనకు లేకపోతే ఎలా అని ఎదురింటివాళ్లు ఒకటి కొన్నారు. ఆ కెమెరా మూతి తమ పెరటివైపు తిరిగి ఉందని పక్కింటివాళ్లు ఇంకొకటి కొని దాని మూతికి ఎదురుగా పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఊళ్లో పద్నాలుగు కెమెరాలు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండేవి. ఏ కెమెరా చూసింది ఆ ఇంట్లోనే ఉండిపోయేది కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది లేకపోవడం మండల ప్రత్యేకాధికారి చిదంబరరావుగారికి నచ్చలేదు. ఆయన 'సమగ్ర గృహదృశ్య అనుసంధాన పథకం' పట్టుకుని మా ఊరొచ్చి గ్రామసభ పెట్టారు.

"ఏ ఇంటి చూపు ఆ ఇంట్లోనే ఆగిపోతే దాన్ని చూపు అనరు, స్వార్థం అంటారు. దృశ్యాలన్నీ పంచాయతీ కార్యాలయంలో ఒకే రికార్డరులో సంగమించాలి. ఇక మీదట రికార్డరులో ఉన్నదే జరిగినట్టు. రికార్డరులో లేనిది జరగనట్టు. ఇది ప్రతి పౌరుడూ హృదయంలో పెట్టుకోవాలి."

వెనక వరసలోంచి గుంపస్వామి తాత లేచాడు. "బావూ, నిన్న మా కోడలు నన్ను తిట్టినాది. అది ఏ కెమెరాలోనూ పడ్నేదు. తిట్టినట్టా, తిట్టనట్టా?"

"తిట్టనట్టే."

"ఇన్నావా మావా? నానేటనలేదని అదికారే సెప్తన్నారు," అంది కోడలు ఆడవాళ్ల వరసలోంచి. పథకానికి మొదటి చప్పట్లు అప్పుడే పడ్డాయి.

రికార్డరు వచ్చింది. చీరల పెట్టెంత నల్లటి డబ్బా. వెనకవైపు వైర్లు దూర్చడానికి పదహారు రంధ్రాలు. టౌను నుంచి వచ్చిన కుర్రాళ్లు కప్పుల మీద నుంచి కప్పుల మీదకి నీలం రంగు వైర్లు లాగారు. మర్నాటికి ఆ వైర్ల మీద చీరలూ లుంగీలూ ఆరుతున్నాయి. అంతా బాగానే ఉంది కానీ కెమెరాలు పద్నాలుగు, రంధ్రాలు పదహారు. పంచాయతీ కార్యదర్శి భానుమూర్తిగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

"రెండు రంధ్రాలు ఖాళీగా వదిలేస్తే ప్రభుత్వ ఆస్తిని నిరుపయోగంగా ఉంచినట్టు అవుతుంది," అన్నారు. అందుకని పంచాయతీ నిధులతో మరో రెండు కెమెరాలు కొన్నారు. ఒకటి సర్పంచిగారి గేదెల శాలలో పెట్టారు. ఇంకొకటి ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచక, రికార్డరుకు కాపలాగా రికార్డరు గదిలోనే పెట్టారు.

ఆ గదిలో కూచునే ఉద్యోగం నాది. దానికి 'దృశ్య పరిశీలకురాలు' అని పేరు. ఇంటరు చదివాననీ, ఎక్కువ మాట్లాడననీ నన్ను తీసుకున్నారు. పెద్ద టీవీ మీద పదహారు గళ్లు. పదహారో గడిలో, టీవీ చూస్తున్న నా వీపు, గడి నిండా అదే. ఎప్పుడైనా వీపు దురద పెడితే ఎక్కడ గోక్కోవాలో స్పష్టంగా కనిపించేది. రికార్డరు తెలివైంది. ఏదైనా కదిలితేనే రికార్డు చేస్తుంది, కదలకపోతే ఊరుకుంటుంది. నా పక్కనే పంచాయతీ మైకు. అత్యవసరమైతే అందులో చెప్పాలి.

పథకంలో ఏడో నిబంధన పారదర్శకత. కెమెరా ఇచ్చిన ప్రతి కుటుంబానికీ దృశ్యాలన్నీ చూసే హక్కు ఉంది. అందుకని రికార్డరు పాస్‌వర్డును పంచాయతీ గోడ మీద, 'చేతులు కడుక్కోండి' అన్న నినాదం కింద, అంతే పెద్ద అక్షరాలతో రాయించారు. సాయంత్రానికల్లా ఊళ్లో ప్రతి ఫోనులోనూ ఊరంతా కనిపించడం మొదలుపెట్టింది.

*

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. పని మీద బయల్దేరిన మనిషి గడప దగ్గర ఒక్క క్షణం ఆగి వీధిలోకి తొంగి చూస్తాడు. నిండు బిందెతో ముత్తయిదువో, దూడతో ఆవో ఎదురొస్తే గబుక్కున బయటికి అడుగేస్తాడు. పిల్లి అడ్డమొచ్చినా, కట్టెల మోపో, భర్త పోయిన ఆడమనిషో వస్తూ ఉన్నా లోపలికెళ్లి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, కాసేపు కూచుని మళ్లీ బయల్దేరతాడు. ఇన్నాళ్లూ మనిషి చూపు వీధి మలుపు దాకానే కాబట్టి, గ్లాసుడు నీళ్లతో పని జరిగిపోయేది.

ఇప్పుడు చూపు ఊరంతా పరుచుకుంది.

సన్యాసమ్మ పిన్ని ఊరికి తూర్పు కొసన ఉంటుంది. బడి పడమటి కొసన. బడిలో వంట ఆవిడే చేస్తుంది. నేను ఆ బడిలో చదివినప్పుడు అడక్కుండానే నా కంచంలో రెండోసారి పప్పు వేసింది ఆవిడే. బడికి గ్యాసుబండ ఎప్పుడు వస్తుందో ఎప్పుడు రాదో తెలియదు కాబట్టి పొద్దున్నే కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని మూడో వీధి మీదుగా వెళ్లి, మొదటి గంట కొట్టేలోపు పిల్లలకి రాగిజావ కాస్తుంది. భర్త పోయి చాలాకాలమైంది. అంటే మా ఊరి లెక్కలో రెండు చెడ్డ ఎదుర్లు ఒకే మనిషిలో నడిచొస్తాయన్నమాట.

ఒకరోజు తవిటినాయుడుగారు మండల సమావేశానికి బయల్దేరుతూ ఫోను చూశారు. తూర్పు కొసన సన్యాసమ్మ పిన్ని గుమ్మం దిగుతోంది. ఆయన లోపలికెళ్లి నీళ్లు తాగారు. మళ్లీ చూశారు. పిన్ని రెండో ఇంటి దగ్గర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. మళ్లీ తాగారు. పిన్ని మోపు దించి, కొంగు బిగించి, మళ్లీ ఎత్తుకుంది. ఆయన మళ్లీ తాగారు. పిన్ని బడి గేటు దాటేసరికి కూజా ఖాళీ అయింది. సమావేశానికి ఆలస్యంగా వెళ్లడమే కాక, కూచున్న ప్రతిసారీ లేవాల్సొచ్చింది.

"ఏమిటండీ సర్పంచిగారూ, ఆరోగ్యం బాగాలేదా?" అన్నారు చిదంబరరావుగారు.

"ఆరోగ్యం బాగుందండీ. ఎదురే బాగునేదు," అని తవిటినాయుడుగారు ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు.

వేరే అధికారి అయితే నవ్వి ఊరుకునేవాడు. చిదంబరరావుగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "ఇది పథకానికి ఊహించని అదనపు ప్రయోజనం," అన్నారు కళ్లు తెరిచి. "పౌరుడు రికార్డరును రోజూ వినియోగిస్తున్నాడు. దీన్ని మనం క్రమబద్ధీకరించాలి. అయితే శకునం అన్న మాట ఎక్కడా రాకూడదు. ప్రభుత్వం మూఢనమ్మకాలకు పూర్తిగా వ్యతిరేకం. 'ప్రయాణ దృశ్యం' అందాం. అప్పుడది శాస్త్రీయం."

వారం లోపల 'ప్రయాణ దృశ్య నిర్వహణ మార్గదర్శకాలు' వచ్చాయి. నిండు బిందె అనుకూల దృశ్యం. ఖాళీ బిందె ప్రతికూల దృశ్యం. పిల్లి అడ్డదిశ ప్రతికూల దృశ్యం. నాలుగో వరసలో కట్టెల మోపు మోస్తున్న వ్యక్తి. ఐదో వరసలో 'ఒంటరి మహిళ'. వీధిలో ఏమీ లేకపోతే తటస్థ దృశ్యం, తదుపరి సమాచారం వచ్చేవరకు పౌరులు వేచి ఉండాలి. ప్రతికూల దృశ్యాలు ఉదయం పది దాటాకే వీధిలోకి రావాలి. దృశ్య పరిశీలకురాలు ఎప్పటికప్పుడు మైకులో ప్రకటించాలి.

మొదటి రోజు గడిలో సన్యాసమ్మ పిన్ని కనబడగానే భానుమూర్తిగారు మైకు నా మూతి దగ్గర పెట్టారు.

"చెప్పమ్మా హైమా. మూడో వీధి ప్రతికూలం."

"అది పిన్నండి," అన్నాను.

"పిన్ని ఎవరన్నది మార్గదర్శకాల్లో లేదు. చెప్పు."

నేను మూతి పక్కకి తిప్పుకున్నాను. ఆయనే లాక్కుని చెప్పారు. కొబ్బరిచెట్టుకు కట్టిన మైకులోంచి ఊరంతా మోగింది. తెరమీద పిన్ని ఆగి, తల మీద మోపు కదలకుండా కళ్లు మాత్రం పైకెత్తి మైకువైపు చూసింది. తిన్నగా పంచాయతీకి వచ్చి మోపు మెట్ల మీద దించింది.

"ఏటి బావూ, నన్నేటో అంతన్నారు మైకులోన?"

"నిన్ను కాదు సన్యాసమ్మా. దృశ్యాన్ని," అన్నారు భానుమూర్తిగారు.

"ఆ దృశ్యవెవులు?"

"నువ్వే. కానీ నిన్ను కాదు."

"నిన్న మీ మనవడు నా సేతి జావ రెండు గళాసులు తాగినాడు. అప్పుడు నాను అనుకూలవా, ప్రతికూలవా?"

"జావ వేరు, దృశ్యం వేరు. నువ్వు పది దాటాక నడువు. అంతే."

"పది దాటినాక జావ కాస్తే బడి గుంటలు మజ్జాన్నం దాకా ఏటి తాగుతారు, మీ మైకా?"

నాకు నవ్వొచ్చింది. పదహారో గడిలో నా వీపు కదలడం ఆయన చూశారు.

మూడు రోజులు పిన్ని పది దాటాకే వెళ్లింది. మూడు రోజులూ పిల్లలు ఖాళీ గ్లాసులతో వరసలో నిలబడ్డారు. నాలుగో రోజు ప్రధానోపాధ్యాయుడుగారు, వంటమనిషి ఆలస్యంగా వస్తోందని పంచాయతీకి రాసి పంపారు. మూడుసార్లు ఆలస్యమైతే వంట పనిలోంచి తీసేయొచ్చని నిబంధన ఉంది. ఆ పని మీద సర్పంచిగారి మరదలి కన్ను ఎప్పటి నుంచో ఉంది. ఆవిడకి వంట రాదు, కానీ భర్త ఉన్నాడు.

సంగతి తెలిసి పిన్ని ఊరి వెనక పొలం గట్టు మీద నుంచి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ కెమెరాలు లేవు. జావ వేళకు అందింది. రెండు రోజులు గడిచాయో లేదో చిదంబరరావుగారి నుంచి మరో ఉత్తర్వు. 'నిఘా లేని మార్గంలో సంచరించుట అనుమానాస్పదం.'

పిన్ని ఉత్తర్వు నాతో చదివించుకుని, రెండుసార్లు తల ఊపింది.

"అంటే కెమెరా ఉన్న దారంట ఎల్తే తప్పు. నేని దారంట ఎల్తే తప్పు. అంతేగదే?"

"అంతే పిన్నీ."

"ఎక్కడ నడిసినా తప్పే అయినప్పుడు దగ్గిర దారినే నడుత్తాను. కాళ్లు కలిసొత్తాయి."

మర్నాటి నుంచి మళ్లీ మూడో వీధే. ఆవిణ్ణి ఆపడానికి ఎవరూ రాలేదు. ఆపాలంటే బయటికొచ్చి ఎదురుపడాలి కదా. పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం తయారైంది. దాన్ని చేతికివ్వాలి. భానుమూర్తిగారు సంచిలో పెట్టుకుని రోజూ పొద్దున్నే గడప దగ్గర నిలబడేవారు. ఫోను చూసేవారు. ఆవిడ వస్తూ ఉండేది. మంచి కాగితమో చెడ్డ కాగితమో, అదీ ఒక పనే కదా, చెడ్డ ఎదుర్లో ఎలా బయల్దేరతారు? లోపలికెళ్లి నీళ్లు తాగేవారు.

*

మా ఊళ్లో అనుకూల దృశ్యాలు తక్కువ. అందరిలోకీ మంచి ఎదురని పేరున్నది పోలమ్మ వదినకి. మార్గదర్శకాలు వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఇంటి ముందు జనం. "వదినా, ఒక్కపాలి బిందెట్టుకుని అలా తిరిగి రాయే, ఆసుపత్రికెల్లాల." "ఒలే పోలీ, మా వోడికి పరీచ్చ, నాలుగడుగులెయ్యే." నాలుగు రోజులు నిండు బిందె మోసి ఆవిడ మెడ పట్టేసింది. అయిదో రోజు తలుపేసుకుంది.

"నా మెడకి మందు కోసం నాను టౌనుకెల్లాల. నాకెవులు ఎదురొత్తారు?" అంది కిటికీలోంచి.

జనం ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. ఆలోచిస్తే ఊళ్లో అందరి పరిస్థితీ అదే. బయటికి రావడానికి ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు ముందు ఎదురు రావాలి. ఆ ఎదురొచ్చే మనిషికి మళ్లీ ఇంకొకరు రావాలి. కాబట్టి అందరూ తలుపులు వేసుకుని, ఫోన్లు పట్టుకుని, మొదటి మనిషి కోసం చూడడం మొదలుపెట్టారు. పాలు కేంద్రానికి వెళ్లలేదు. క్షౌరం దుకాణం తెరవలేదు. కోడళ్లు మామల్ని తిట్టడం మాత్రం లోపల్లోపలే సాగింది, అది రికార్డరులో పడదు కాబట్టి జరగనట్టే.

బడి పిల్లలు మాత్రం బతికిపోయారు. ఆడుకునే పిల్లలు మార్గదర్శకాల్లో ఏ వరసలోనూ లేరు. వాళ్లు కెమెరాకు అందనంత గోడవారగా దొడ్లు దూకి బడికి చేరేవారు. అక్కడ జావ ఉంటుందని వాళ్లకి తెలుసు.

తెర మీద పద్నాలుగు గళ్లు బొమ్మల్లా నిలిచిపోయాయి. రోజుకొకసారి పొద్దున్న సన్యాసమ్మ పిన్ని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి నడుచుకుంటూ వెళ్లేది. గేదెల శాలలో తోకలు ఊగేవి. చిదంబరరావుగారికి రోజూ నేను ఫోనులో చెప్పే మాట ఒకటే. "దొంగతనాలు లేవండి. తగాదాలు లేవండి."

"మనుషులు?"

"లేరండి."

"అద్భుతం," అనేవారు.

ఆ అద్భుతం చూడ్డానికి జిల్లా నుంచి అధికారిణి వైజయంతిగారు వస్తున్నారని కబురొచ్చింది. ఆవిడ మెచ్చుకుంటే మా ఊరికి ఉత్తమ దృశ్య గ్రామం బహుమతి. చిదంబరరావుగారు తెల్లవారకుండానే, కెమెరాలకి ఏమీ కనపడని చీకట్లో వచ్చి పంచాయతీ ఆఫీసులో కూచున్నారు. తవిటినాయుడుగారు, భానుమూర్తిగారు బడి పిల్లల్లాగే కెమెరాలకు అందకుండా గోడవారగా ముందే చేరుకున్నారు. ఊరి మొదట్లో ఆవిణ్ణి ఆహ్వానించడానికి పూలదండ సిద్ధంగా ఉంది.

పొద్దున్న ఒకటో గడిలో జీపు ఆగింది.

"పదండి," అని లేచారు చిదంబరరావుగారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "ఒకసారి దృశ్యం చూడండి. నాకు నమ్మకం లేదనుకోండి. బహుమతి విషయం కాబట్టి."

నేను చూశాను. మోపు నెత్తిన పెట్టుకుని సన్యాసమ్మ పిన్ని మూడో వీధిలోకి తిరిగింది.

"మూడో వీధి..." అన్నాను.

"తెలుసు, తెలుసు. నీళ్లు," అన్నారు ఆయన.

ముగ్గురూ కూచుని నీళ్లు తాగుతూ తెరవైపు చూశారు. ఊరంతా ఫోన్లలో అదే చూస్తోంది. వైజయంతిగారు జీపు దిగి కాసేపు నిలబడ్డారు. ఎవరూ రాలేదు. నడుచుకుంటూ మూడో వీధిలోకి వచ్చారు. రెండువైపులా మూసిన తలుపులు. ఎదురుగా కట్టెల మోపుతో పిన్ని.

ఊరంతా ఫోన్ల శబ్దం పెంచింది. మా కెమెరాలకు మాటలు కూడా వినిపిస్తాయి.

"ఏమ్మా, ఊళ్లో ఎవరూ లేరా?"

"అందరూ ఉన్నారమ్మా. మంచెదురు కోసం సూస్తన్నారు."

"మరి నువ్వు?"

"నాకెవులెదురొచ్చినా ఒకటే. నాతోటే అందరికీ పేచీ." పిన్ని మోపు సర్దుకుంది. "రండమ్మా, పొద్దున్నే వొచ్చినట్టున్నారు. వేడిగా జావ తాగుదురుగాని."

ఇద్దరూ కలిసి బడివైపు వెళ్లిపోయారు. వెళుతూ వెళుతూ వైజయంతిగారు మోపులోంచి రెండు కట్టెలు తీసి చంకలో పెట్టుకున్నారు. పూలదండ కుర్చీ మీదే ఉండిపోయింది.

ఆవిడ పంచాయతీకి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. మొహం వెలిగిపోతోంది. మూడేళ్లుగా అడుగుతున్న బదిలీ వచ్చిందని, జావ తాగుతూ ఉండగా ఫోను వచ్చిందట. ఇక తన పిల్లలున్న ఊళ్లోనే ఉద్యోగం. ఆ మాట చెవిన పడగానే తవిటినాయుడుగారూ భానుమూర్తిగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రికార్డరు చూపించమ్మా," అన్నారు వైజయంతిగారు నాతో.

చూపించాను. రోజు తరవాత రోజు, మూడో వీధిలో సన్యాసమ్మ పిన్ని. మధ్యలో ఒకసారి పిల్లి. తరవాత గేదె తోక, నా వీపు. మళ్లీ పిన్ని.

"చిదంబరరావుగారూ, రికార్డరులో లేనిది జరగనట్టు అని మీరే కదా అన్నది?"

"అవునండి. పథకానికి అది ఆత్మ."

"దాని ప్రకారం సర్పంచిగారు ఆఫీసుకి రాలేదు. కార్యదర్శిగారు రాలేదు. మీరు అసలీ ఊరే రాలేదు. ఈ అమ్మాయి వీపు కాక ఈ ఊళ్లో పనికి వచ్చింది ఒక్క మనిషి. రాసుకోనా?"

చిదంబరరావుగారు నీళ్ల గ్లాసు అందుకున్నారు. ఆవిడ చూపు భానుమూర్తిగారి ఒళ్లోని సంచి మీద పడింది. "అదేమిటి, అంత గట్టిగా పట్టుకున్నారు?"

"ఏమీ లేదండి."

నేను ఎక్కువ మాట్లాడను. కానీ ఆ గదిలో ఇంకెవరూ మాట్లాడేలా కనపడలేదు. "సన్యాసమ్మ పిన్నిని వంట పనిలోంచి తీసేసే కాగితమండి," అన్నాను.

"ఎందుకట?"

"వేళకి రావడం లేదనండి."

వైజయంతిగారు తెర మీద నడుస్తున్న పిన్నిని చూశారు. భానుమూర్తిగారిని చూశారు. చెయ్యి చాపారు. ఆయన కాగితం తీసి ఇచ్చారు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, జావ అంటిన వేళ్లు తుడుచుకుని, చెత్తబుట్టలో వేశారు. "ఆవిడ ఆ పనిలోనే ఉంటుంది," అని జీపెక్కారు.

*

బహుమతి రాలేదు. మార్గదర్శకాలు కూడా పోలేదు. సవరణ మాత్రం వచ్చింది. 'జిల్లా అధికారిణి ప్రయాణానుభవం దృష్ట్యా' ఐదో వరస, అంటే ఒంటరి మహిళ, అనుకూల దృశ్యంగా మార్చబడింది.

ఆ మర్నాడు పొద్దున్న మూడో వీధిలో ఒక్క తలుపు మూసి లేదు. గడప గడపకీ జనం. ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, సంతకి వెళ్లేవాళ్లు, మెడకు పట్టీతో పోలమ్మ వదిన. అందరూ తూర్పువైపే చూస్తున్నారు. పిన్ని మోపుతో వచ్చింది. "సన్యాసమ్మప్పా, ఇటొకపాలి!" "పిన్నీ, మా గుమ్మం ముందాగే!"

పిన్ని ఎక్కడా ఆగలేదు. తవిటినాయుడుగారు ఇస్త్రీ పంచె కట్టుకుని ట్రాక్టరు కొనడానికి టౌనుకి బయల్దేరుతూ నేరుగా వీధి మధ్యలో నిలబడ్డారు.

"సన్యాసమ్మా, కొంచెం నాకెదురు రావాల."

"ఎలాగొస్తాను బావూ, ఈ మోపుంటే? కట్టెలు సెడ్డెదురని మీ కాగితంలోనే ఉందట."

"మరేటి సేద్దాం?"

"ఇలగ సేద్దాం. మోపు మీరట్టుకోండి. నాను సేతులూపుకుంటూ ముందు బడికెల్లి, అక్కణ్ణుంచి తిన్నగా మీకెదురొత్తాను. సుబ్బరంగా ఉంటాది."

ఆయన అటూ ఇటూ చూశారు. ట్రాక్టరు గురించి ఆలోచించినట్టున్నారు. తల వంచారు. పిన్ని ఆయన కండువానే చుట్ట చుట్టి నెత్తిన పెట్టి, దాని మీద మోపు ఎత్తి, జారకుండా మరీ సర్దింది. "మెడ నిటారుగా పెట్టండి. అలగ. మీకు బాగా నప్పినాది," అని చకచకా బడివైపు వెళ్లిపోయింది.

తొమ్మిదో గడిలో తవిటినాయుడుగారు ఇస్త్రీ పంచెతో, కట్టెల మోపుతో ఒక్కరే నడిచి వస్తున్నారు. గడపల మీది జనం ఆయన్ని చూసి, ఫోన్లు చూసి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు.

నేను మార్గదర్శకాలు తీసి చూశాను. సవరించింది ఐదో వరస. నాలుగో వరసను ఎవరూ ముట్టుకోలేదు. కట్టెల మోపు మోస్తున్న వ్యక్తి అని ఉంది. ఆ వ్యక్తి ఎవరన్నది లేదు.

పదహారో గడిలో నా వీపు నిటారుగా అయింది. మైకు దగ్గరికి లాక్కున్నాను. ఈసారి దాన్ని ఎవరూ తెచ్చి నా మూతి దగ్గర పెట్టలేదు.

"మూడో వీధి ప్రతికూలం," అన్నాను. "పౌరులందరూ లోపలికెళ్లి మంచినీళ్లు తాగవలసిందిగా మనవి."